మంచి సర్వీసు డిజైన్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? గేటు దగ్గర

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మూడేళ్లుగా యాప్ స్క్రీన్లు డిజైన్ చేస్తున్నారు. ఇప్పుడు కూకట్‌పల్లిలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు పిలిచి, స్క్రీన్లతో పాటు మొత్తం సర్వీసే బాగుచేయమన్నారు. మంచి సేవకు సూత్రాలు ఏమిటి, ఈ పనికి కొత్త కాబట్టి ఎక్కడ మొదలుపెట్టాలి, ఫలితం ఎలా కొలవాలి అని అడుగుతున్నారు.

ముందు సూటిగా జవాబు. మొదటిసారి మీ గుమ్మం ఎక్కిన మనిషి, ఎవరినీ అడగకుండా, ఇంకోసారి తిరగకుండా, తన పని పూర్తిచేసుకుని వెళ్లగలిగితే అది మంచి సేవ. నాకు తెలిసిన మిగతా సూత్రాలన్నీ ఇందులోంచి వచ్చినవే. ఇక మొదలుపెట్టాల్సిన చోటు గేటు. సెక్యూరిటీ గార్డు పక్కన.

నేను 14 ఏళ్లుగా హైదరాబాద్‌లోనే ఈ పని చేస్తున్నాను. ఎక్కువగా ఆస్పత్రులు, ల్యాబులు. మధ్యలో ఒకటి రెండు ఆఫీసు కౌంటర్లు. ఎక్కడ పని ఒప్పుకున్నా మొదటి రెండు రోజులు గార్డు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటాను. వచ్చినవాళ్లు ఆయన్ని ఏం అడిగారో వాళ్ల మాటల్లోనే రాసుకుంటాను. "అన్నా, చిట్టీ యాడ రాయించుకోవాలె?" "రక్తం కిందనా, పైననా?" "రిపోర్టు మా తమ్ముడు వస్తే ఇస్తారా?" "ఫోన్‌పే తీసుకుంటరా, క్యాషేనా?" ఇలా ఒక ఉదయంలోనే పేజీలు నిండిపోతాయి. మీరు సరిచేయాల్సిన తప్పుల జాబితా అదే. యాజమాన్యం ఇచ్చే జాబితా దీనికి దగ్గరగా కూడా ఉండదు, ఎందుకంటే వాళ్లు ఆ గేటులోంచి కొత్తగా ఎప్పుడూ లోపలికి రాలేదు.

ఒక ల్యాబులో దాదాపు సగం మంది అడిగింది ఒకటే: రక్తం ఎక్కడ తీస్తారు? బోర్డు ఉంది. తలుపు పైన, ఇంగ్లిష్‌లో, 'శాంపిల్ కలెక్షన్' అని. లైన్లో నిలబడ్డవాళ్ల చూపు ముందున్న మనిషి వీపు మీదో, కౌంటర్ అద్దం మీదో ఉంటుంది కానీ తలుపు పైకి వెళ్లదు. పైగా 'శాంపిల్' అంటే ఏమిటో అందరికీ తెలియాలని లేదు. "రక్తం, మూత్రం ఇచ్చే చోటు" అని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లిష్‌లో రాయించి, బిల్లు కట్టే కౌంటర్ అద్దం మీదే అంటించాం. ఎందుకంటే ఆ ప్రశ్న పుట్టేది బిల్లు చేతికొచ్చిన క్షణంలో. అక్కడి నుంచి గది దాకా నేల మీద ఎర్ర గీత వేయించాం. రెండు రోజుల తర్వాత గార్డే నా దగ్గరకు వచ్చి, "ఇప్పుడు ఎవ్వరూ అడుగుతలేరు మేడం" అన్నాడు. నాకు అంతకన్నా పెద్ద రిపోర్టు అక్కర్లేదు.

గేటు బయట జిరాక్స్ షాపు ఉంటే అక్కడ కూడా ఒక గంట గడపండి. ఏ ఫారానికి ఏం జతచేయాలో, ఏ కౌంటర్‌లో ఏ కాగితం వెనక్కి ఇస్తారో ఆ షాపు ఆయనకు తెలిసినంతగా లోపలి మేనేజర్‌కు తెలియదు. ఆఫీసుల దగ్గరైతే నింపిన ఫారం నమూనా ఒకటి ఆ షాపు గోడకు అంటించి ఉంటుంది. నిజానికి అది ఆఫీసు గోడకు ఉండాల్సింది.

సేవ మీ గుమ్మం దగ్గర మొదలవదు. స్క్రీన్ల నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. పరగడుపు షుగర్ పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు. అంటే పేషెంటు వైపు నుంచి చూస్తే మీ సేవ ముందురోజు రాత్రి భోజనం దగ్గరే మొదలైంది. నేను పనిచేసిన ఒక సెంటర్ నుంచి రాత్రి తొమ్మిది దాటాక మెసేజ్ వెళ్లేది. ఇంగ్లిష్‌లో 'ఫాస్టింగ్ రిక్వైర్డ్' అని రెండే మాటలు.

ఒకరోజు పొద్దున ఏడు కాకముందే ఒక పెద్దాయన వచ్చారు. సంగారెడ్డి అవతల ఏదో ఊరు, మొదటి బస్సుకు బయల్దేరారు. చేతిలో బట్టల షాపు కవరు, అందులో రబ్బరు బ్యాండు వేసిన పాత చిట్టీలు. కౌంటర్‌లో అమ్మాయి "ఏమన్నా తిన్నారా?" అని అడిగింది. "ఏం తినలే బిడ్డా. బస్టాండ్ల చాయ్ ఒక్కటే తాగిన" అన్నారు. అయితే రేపు రావాలంది. ఆయన కవరు మడిచి, మళ్లీ విప్పి, "చాయ్ గూడ తిన్నట్టేనా?" అని అడిగారు. ఆ అమ్మాయి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆయన తప్పేమీ లేదు. మన భాషలో టిఫిన్ తింటాం, చాయ్ తాగుతాం. తినొద్దంటే ఆయన తినలేదు. మేం ఆ మెసేజ్‌ను ఇలా మార్చాం: "రేపు పొద్దున పరీక్ష ఉంది. ఈ రాత్రి 10 తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దు. టీ, కాఫీ, పాలు కూడా వద్దు. రోజూ వేసుకునే మాత్రల సంగతి మీ డాక్టరును అడగండి." పంపే టైమును సాయంత్రం ఆరుకు మార్చాం, భోజనానికి ముందే చేరాలని. చదవడం రానివాళ్లకు అదే మాట ఫోన్ కాల్‌లో వినిపించాం. కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ కొనలేదు.

అదే పరీక్షలో రెండో సగం ఇంకా చిక్కు. తిన్న తర్వాత 2 గంటలకు మళ్లీ రక్తం ఇవ్వాలి. ఆ 2 గంటలు దేని నుంచి లెక్కపెట్టాలి? తినడం మొదలుపెట్టినప్పటి నుంచి. ఈ మాట ఎవరూ చెప్పరు. మనిషి బయటికి వెళ్లి, ఇడ్లీ తిని, ఎక్కడో నీడన కూర్చుని, అంచనా వేసుకుని వస్తాడు. అరగంట అటూఇటూ అయితే రిపోర్టులో అంకె మారిపోతుంది. మేం అరచేతిలో పట్టేంత చీటీ ఒకటి ముద్రించాం. రెండే గీతలు: "టిఫిన్ మొదలుపెట్టిన టైం", "మళ్లీ రావలసిన టైం". మొదటిది పేషెంటు మనసులో పెట్టుకుని వస్తే చాలు అనుకోకండి. పెన్ను కూడా ఇవ్వండి, లేదా దగ్గరున్న టిఫిన్ సెంటర్లో ఒక పెన్ను దారం కట్టి పెట్టమనండి. మేం అడిగిన హోటల్ ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు.

సేవ మీ గుమ్మం దగ్గర ముగియదు కూడా. పేషెంటు రిపోర్టు కోసం రాలేదు. డాక్టరు దాన్ని చూసి మందు రాస్తే ఆయన పని అయినట్టు. కౌంటర్‌లో "రిపోర్టు సాయంత్రం వస్తుంది" అంటారు. సాయంత్రం అంటే నాలుగా, ఏడా? ఊరి నుంచి వచ్చినవాళ్లు మూడింటి నుంచే కూర్చుంటారు. రిపోర్టు ఏడున్నరకు వస్తుంది, డాక్టరు ఏడింటికే వెళ్లిపోతారు. ల్యాబు లెక్కలో అది చెప్పిన రోజునే ఇచ్చిన రిపోర్టు. పేషెంటు లెక్కలో ఇంకో రోజు, ఇంకోసారి బస్సు చార్జీ, ఇంకోసారి కూలి పోవడం. అందుకే బిల్లు వేసేటప్పుడే ఒక ప్రశ్న చేర్చాం: "మీ డాక్టరు ఇది ఎప్పుడు చూస్తారు?" ఆ టైము శాంపిల్ ట్యూబుల ట్రే దాకా వెళ్లేలా చేశాం. లోపల ఏ పరీక్ష ముందు చేయాలో దాన్ని బట్టే మారింది. నేను చేసిన మార్పుల్లో ఎక్కువ మందికి పనికొచ్చింది ఇదే అనుకుంటున్నాను.

స్కానింగ్ సంగతి కూడా చెప్పాలి, మీ సెంటర్లో తప్పకుండా ఉంటుంది కాబట్టి. పొత్తికడుపు స్కానింగ్‌కు మూత్రాశయం నిండుగా ఉండాలి. "నీళ్లు బాగా తాగి రండి" అని చెప్పి పంపుతారు. నల్లగొండ వైపు నుంచి ఒకామె అత్తగారితో వచ్చింది. చెప్పినట్టే తాగి వచ్చింది. మధ్యలో రెండు ఎమర్జెన్సీ కేసులు వచ్చాయి. ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేదు. ఆమె కాళ్లు దగ్గరకు పెట్టుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, టోకెన్ బోర్డు వైపే చూస్తూ కూర్చుంది. చివరికి ఆపుకోలేక లేచి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆమె నంబరు పిలిచి దాటేశారు. మళ్లీ నీళ్లు, మళ్లీ మొదటి నుంచి. అత్తగారు కోడలిని కసిరింది. నేను అక్కడే ఉన్నాను.

ఆ సెంటర్లో అప్పటికే మంచి టోకెన్ మెషీన్, పెద్ద టీవీ ఉన్నాయి. ఆ టీవీ చెప్పేది లోపల ఎన్నో నంబరు నడుస్తోందో అంతే. ఆమెకు కావాల్సింది వేరే సమాచారం: ఇప్పుడు తాగాలా, ఆగాలా? మేం పద్ధతి మార్చాం. నీళ్లు ఇంటి దగ్గర తాగి రమ్మనడం మానేశాం. ఎక్స్‌రే అయినా స్కానింగ్ అయినా ఒకే వరసలో నడిచే టోకెన్లను విడదీశాం. స్కానింగ్‌కు సుమారు గంట ముందు నర్సు వచ్చి, "అక్కా, ఇప్పుడు మొదలుపెట్టండి" అని బాటిల్ చేతికి ఇస్తుంది. ఎమర్జెన్సీ కేసు వస్తే ముందు ఎదురుచూస్తున్నవాళ్లకే చెబుతుంది, "ఇంకో ఇరవై నిమిషాలు ఆగి తాగండి" అని. ఒకవేళ ఆపుకోలేకపోతే నంబరు పోదు, ఆ మాట గోడ మీద రాసి ఉంటుంది. మీరు అడిగిన సూత్రం ఇందులో ఉంది: ఎదురుచూడటం కన్నా, ఎంతసేపో తెలియకుండా ఎదురుచూడటం మనుషులను ఎక్కువ బాధపెడుతుంది.

ఇప్పుడు మన ఊళ్లోనే ఉన్న మంచి ఉదాహరణలు చూడండి. 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది. ఫోన్ చేసినవాళ్లకు ఏ ఆస్పత్రి దగ్గరో, బండి ఎక్కడుందో తెలియాల్సిన అవసరం లేదు. ఏమైంది, ఎక్కడున్నారు, ఇంతే. మూడు అంకెలు, పైసా ఖర్చు లేని కాల్. లోపలి గందరగోళమంతా లోపలివాళ్లే మోస్తారు. 2001లో ఈసేవ వచ్చినప్పుడు కూడా జనం మెచ్చుకున్నది ఇందుకే. కరెంటు బిల్లుకో ఆఫీసు, నల్లా బిల్లుకో ఆఫీసు, ఇంటి పన్నుకో ఆఫీసు తిరిగినవాళ్లు ఒకే కౌంటర్‌లో మూడూ కట్టేశారు. 2011లో వచ్చిన మీసేవ ఆ దారిలోనే సర్టిఫికెట్ల దాకా వెళ్లింది. మీ సెంటర్లో ఎన్ని డిపార్ట్‌మెంట్లు ఉన్నాయో పేషెంటుకు తెలియాల్సిన పని లేదు. బయోకెమిస్ట్రీ, పాథాలజీ, రేడియాలజీ అనేవి మీ జీతాల రిజిస్టర్‌లో ఉండాల్సిన మాటలు.

చేతిలో ఉన్నదానితో పని జరగనివ్వడం ఇంకో ముఖ్యమైన సంగతి. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైనప్పుడు ముందుగా దరఖాస్తు పెట్టుకోమనలేదు, కొత్త కార్డు తెచ్చుకోమనలేదు. మొదటి కొద్ది రోజుల తర్వాత కూడా, ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తే చాలు, కండక్టర్ డబ్బు తీసుకోకుండా జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. పథకం మంచిచెడ్డల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. కొత్తగా బస్సెక్కిన ఆడమనిషికి మాత్రం నేర్చుకోవాల్సింది ఏమీ లేకుండా చేశారు.

దీనికి ఎదురుగా కాగితాలు. ఒక ఆఫీసులో ప్రతి దరఖాస్తుకు మూడు జిరాక్సులు అడిగేవాళ్లు. మూడు ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు, "మొదటి నుంచి అంతే" అన్నారు. ఒక్కో కాపీ వెనకాలే నడిచాను. ఒకటి ఫైల్లోకి వెళ్లింది. ఒకటి పై అంతస్తుకు వెళ్లి, అక్కడ కంప్యూటర్లో ఎక్కించాక పక్కన పడేశారు. మూడోది మెట్ల కింద గోనెసంచిలో ఉంది. దాన్ని ఎవరూ ఎప్పుడూ తెరవలేదు. మీరూ ఇలాగే చేయండి: మీ ఫారంలో ఉన్న ప్రతి గడి వెనకాల నడవండి. తండ్రి పేరు ఎవరు చదువుతున్నారు? పిన్‌కోడ్ ఎవరికి కావాలి? చదివేవాళ్లు లేని గడిని తీసేయండి.

'కాదు' అన్న ప్రతిచోటా 'అయితే ఇలా చేయండి' అని ఉండాలి. రిపోర్టు డౌన్‌లోడ్‌కు ఓటీపీ పెడతారు. మంచిదే, రిపోర్టు పరాయివాళ్ల చేతికి వెళ్లకూడదు. కానీ మన ఇళ్లలో పెద్దవాళ్లకు రిజిస్టర్ అయిన నంబరు కొడుకుది. ఆ కొడుకు అమెరికాలో ఉంటాడు, ఇక్కడ పొద్దున పదకొండంటే అక్కడ అర్ధరాత్రి. తల్లి కౌంటర్ దగ్గర నిలబడి రింగు పోతున్న ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఉంటుంది. సిస్టమ్ ఒప్పుకోవట్లేదు అని మీ ఉద్యోగి చేతులెత్తేస్తాడు. ముందే ఆలోచించి ఉంటే బిల్లు మీదున్న నంబరు, పేరు, ఫొటో ఉన్న కార్డు చూసి కాగితం రిపోర్టు ఇచ్చే దారి ఒకటి ఉండేది. ఆ దారి రాసి ఉండాలి, ఆ అధికారం కౌంటర్‌లో కూర్చున్న మనిషికి ఇచ్చి ఉండాలి. మేనేజర్ వచ్చేదాకా ఆగమంటే దారి ఉన్నా లేనట్టే.

ఇక్కడే ఉద్యోగుల గురించి. కొత్తగా ఈ పనికి వచ్చినవాళ్లకు కౌంటర్‌లో అమ్మాయి విసుక్కోవడం కనిపిస్తుంది. వెంటనే మర్యాద మీద ట్రైనింగ్ పెట్టమని రాసేస్తారు. దయచేసి అలా చేయకండి. అదే ప్రశ్నకు పొద్దున్నుంచి ఎనభైసార్లు జవాబు చెప్పినవాళ్లకు విసుగు రాక ఏమొస్తుంది? ఒక చిన్న ఎంట్రీ తప్పుపోతే జీతంలో కోత పడుతుందంటే ఏ కాగితాన్నైనా రెండుసార్లు అడుగుతారు. ఆ ప్రశ్నను, ఆ భయాన్ని తీసేయండి. మనిషి మాట దానంతట అదే మెత్తబడుతుంది. ఇది నేను ఒకచోట కాదు, వెళ్లిన ప్రతిచోటా చూశాను.

ఇవన్నీ కాగితం మీద పెట్టడానికి సర్వీస్ బ్లూప్రింట్ అనే పద్ధతి ఉంది. అమెరికాలో బ్యాంకింగ్ రంగంలో పనిచేసిన లిన్ షోస్టాక్ 1980ల్లో ప్రతిపాదించారు. 1984లో రాసిన వ్యాసంలో ఆమె వీధి మూల బూటు పాలిష్‌ను ఉదాహరణగా తీసుకుని గీశారు. పైవరసలో కస్టమర్ చేసే పనులు, మధ్యలో ఆయనకు కనిపించే మన పనులు, ఒక గీత, ఆ గీత కింద కనిపించని పనులు. అంతే. మొదట్లో సాఫ్ట్‌వేర్ వద్దు, గోడ మీద చార్టు అంటించి స్కెచ్ పెన్నుతో గీయండి. పై వరసను 'రిసెప్షన్' దగ్గర మొదలుపెడితే తప్పు గీసినట్టే. 'డాక్టరు పరీక్ష రాశారు' దగ్గర మొదలై 'డాక్టరు రిపోర్టు చూశారు' దగ్గర ఆగాలి.

కొన్ని జాగ్రత్తలు. యాజమాన్యం మిమ్మల్ని ఎలాగైనా యాప్ వైపు తీసుకెళ్తుంది, ఎందుకంటే యాప్ చూపించుకోవడానికి బాగుంటుంది. వద్దనకండి, కానీ గేటు దగ్గర రాసుకున్న ప్రశ్నల్లో యాప్ తీర్చేవి ఎన్నో వాళ్ల ముందే లెక్కపెట్టండి. ఏడాదికోసారి వచ్చే మనిషి యాప్ దించుకోడు. రోజూ ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకొచ్చే కుర్రాళ్లకైతే యాప్ నిజంగా అవసరం.

అలాగే, అలవాటైనవాళ్ల సలహా మొదట తీసుకోవద్దు. పదేళ్లుగా వస్తున్న పేషెంటుకు మీ లోపాలన్నీ చుట్టుదారులతో సహా అలవాటైపోయాయి, ఆయనకు ఇబ్బంది కనిపించదు. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ మెట్రోలో వెళ్లేవాళ్లు అమీర్‌పేటలో కళ్లు మూసుకుని లైను మారతారు. మొదటిసారి దిగినవాళ్లు ఎర్ర లైను, నీలి లైను బోర్డుల కోసం తల తిప్పుతూ నిలబడతారు. ఆ రంగులు పెట్టింది వాళ్ల కోసమే, చదవడం రాకపోయినా రంగు పట్టుకుని వెళ్లిపోవచ్చు.

ఫలితం ఎలా కొలవాలని కూడా అడిగారు. స్టార్ రేటింగులు పక్కన పెట్టండి. రెండే లెక్కలు చూడండి: గార్డును అడిగిన ప్రశ్నలు తగ్గాయా, ఒకే పనికి రెండోసారి వచ్చినవాళ్లు తగ్గారా. రెండోది మీ బిల్లింగ్ రికార్డుల్లో దొరుకుతుంది, వారం లోపల అదే పరీక్షకు మళ్లీ వచ్చిన పేర్లు వెతికితే చాలు. వాళ్లలో పదిమందికి ఫోన్ చేసి ఎందుకు రావాల్సి వచ్చిందో అడగండి.

సోమవారం పొద్దున ఆరున్నరకల్లా వెళ్లండి. పరగడుపు పరీక్షలవాళ్లు అప్పుడే వస్తారు, ఆదివారం తర్వాత రద్దీ కూడా ఎక్కువ. గార్డుకు ముందే మీరెవరో చెప్పండి, లేకపోతే తన మీద నిఘా పెట్టారనుకుంటాడు. రాసుకున్నవి ఇక్కడ పెడితే నేను చూసి, ఏది ముందు ముట్టుకోవాలో చెప్తాను.